సంక్రాంతి సెలవుల్లో చిన్నపిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దాం? (మాల్స్ వద్దు బాబోయ్)

కూకట్‌పల్లి_అమ్మ · హైదరాబాద్ · శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మా పాపకి ఏడేళ్లు, బాబుకి ఈమధ్యే నాలుగు నిండాయి. దసరా సెలవులన్నీ టీవీ ముందూ, మాల్‌లో రంగుబంతుల తొట్టిలోనూ గడిచిపోయాయి. గంటకింత అని పోసి లోపలికి పంపి, బయటికొచ్చాక "ఏం ఆడావురా" అంటే "జారుడుబల్ల" అన్నాడు. అది మా అపార్ట్‌మెంట్ కింద కూడా ఉంది, ఉచితంగా.

సంక్రాంతికి బెజవాడలో అమ్మావాళ్లింటికి, అక్కణ్ణుంచి వైజాగ్‌లో మా ఆడపడుచు వాళ్లింటికి వెళ్తాం. ఈలోపు హైదరాబాద్‌లో కొన్ని ఆదివారాలు ఖాళీ. ఏదైనా కొత్తగా తెలుసుకునేలా ఉండాలి, అలాగని ఇంకో స్కూల్లా ఉండకూడదు. మా అత్తయ్యగారు కూడా వస్తారు. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కువ ఎక్కలేరు. మీరు వెళ్లిన చోట్లు చెప్పండి.

పాతబస్తీ_పోరడు · హైదరాబాద్ · శనివారం, ఉదయం 10:40

అక్కా, సాలార్‌జంగ్ మ్యూజియంకు పోండ్రి. కానీ మొత్తం చూస్తమని మాత్రం పోకుండ్రి. పెద్దోళ్లకే కాళ్లు పడిపోతయ్.

పొద్దుగాల పదకొండున్నరకు లోపల ఉండేటట్టు చూస్కోండ్రి. సీదా గడియారం కాడికి పోయి బెంచి మీద జాగ పట్టాలె. కలకత్తాల కుక్ అండ్ కెల్వీ కంపెనీ అమ్మిన గడియారం అది. గంట కొట్టే టైముకు చిన్న తలుపు తెరుసుకొని ఓ గడ్డపాయన బయటికొస్తడు, టంగ్ టంగ్ మని కొట్టి మల్ల లోపటికి పోతడు. పన్నెండింటికి పోతే పన్నెండు దెబ్బలు లెక్కవెట్టొచ్చు. పక్కన ఇంకో బొమ్మ కమ్మరాయన లెక్క సెకన్ సెకన్‌కు సుత్తె కొడుతుంటడు, చానామంది ఆయన్ని సూడనే సూడరు. మా బిడ్డ మొదలు ఆయన్నే పట్టింది.

తర్వాత ఒకటే ఒకటి: కట్టెతోటి చెక్కిన రెండు మొకాల బొమ్మ. ముందట నుంచి సూస్తే గర్వంగ నిలబడ్డ మగమనిషి, ఎనుక పెట్టిన అద్దంల సూస్తే తలొంచుకున్న ఆడపిల్ల. రెండూ ఒక్కటే మొద్దు. "ఈయన ఎనుక ఎవరున్నరో చెప్పు" అని అడగండ్రి పాపను. అద్దం సంగతి మీరు చెప్పకుండ్రి.

శుక్రవారం బంద్. ఆదివారం మంది బాగుంటరు, శనివారం నయం.

నాన్న_ఎక్సెల్ · హైదరాబాద్ · శనివారం, ఉదయం 11:05

మేడమ్, నేను మా అబ్బాయి కోసం ఒక షీట్ తయారు చేశాను. ఉదయం 9 కి జూ, 12 కి సాలార్‌జంగ్, 2:30 కి చార్మినార్, 4 కి బిర్లా సైన్స్ మ్యూజియం, 6 కి ప్లానెటోరియం షో. ఒకే రోజులో అయిదు. ప్రతిచోటా పది ప్రశ్నల వర్క్‌షీట్. రాత్రి పడుకునే ముందు రివిజన్. కావాలంటే ఫైల్ పంపిస్తాను.

పాతబస్తీ_పోరడు · శనివారం, ఉదయం 11:09

అన్నా, గా ట్రాఫిక్‌ల అయిదు జాగలా? పోరడు బతికే ఉన్నడా?

ఒకటో_తరగతి_టీచర్ · వరంగల్ · శనివారం, మధ్యాహ్నం 1:30

ఎక్సెల్ గారూ, మీ శ్రద్ధ మంచిదే. కానీ ఆ వర్క్‌షీట్ మాత్రం దయచేసి ఇంట్లో పెట్టేయండి. ఏటా మా స్కూలు పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్తాం కాబట్టి చెప్తున్నాను. చేతిలో కాగితం ఉన్న పిల్లలు బోర్డు వంక చూస్తారు, జంతువు వంక చూడరు. జవాబు బోర్డు మీదే ఉంటుంది కదా!

నాలుగేళ్ల పిల్లవాడికి ఒక చోటు, అందులో ఒక వస్తువు చాలు. ఏడేళ్ల పాపకి రెండో మూడో. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ మనమూ ఆగాలి. జూకి వెళ్లి ఏనుగు దగ్గరికి చేరేలోపే చీమల బారు దగ్గర అరగంట కూర్చుంటే ఆ అరగంట నష్టం కాదు. టికెట్ డబ్బులు గుర్తొచ్చి మనకి మనసు పీకుతుంది గానీ వాళ్లకి చీమా ఏనుగూ ఒకటే.

ఇంకోటి. వెళ్లే ముందు రోజు చెప్పాల్సింది ఒక్క ముక్కే. "రేపు ఒక గడియారంలోంచి తాత బయటికొస్తాడట" అంటే సరిపోతుంది. తిరిగొచ్చాక "ఏం నేర్చుకున్నావ్" అని అడక్కండి, నోరు మూసేస్తారు. "నానమ్మకి చెప్పు, ఆ తాత ఎలా కొట్టాడో" అనండి. అభినయంతో సహా చెప్తారు.

కూకట్‌పల్లి_అమ్మ · శనివారం, మధ్యాహ్నం 2:02

టీచర్ గారూ, చీమల సంగతి అక్షరాలా నిజం. జూకి వెళ్లినప్పుడు మావాడు పులి ముందు నిలబడి పక్కనున్న నీళ్ల పైపు లీకేజీ చూస్తూ ఉండిపోయాడు.

మళ్లీ జూకి వెళ్లొచ్చా, లేక చూసేసిందే కదా అని వదిలేయాలా?

పాతబస్తీ_పోరడు · శనివారం, మధ్యాహ్నం 2:15

మల్ల పోండ్రి. ఈసారి రాత్రి జంతువుల ఇల్లు ఒక్కటి పట్టుకోండ్రి. అండ్ల పగలు చీకటి చేస్తరు, రాత్రి లైట్లేస్తరు, అందుకే మనం పోయే టైముకు అవి మేల్కొని తిరుగుతయ్. కొంచెంసేపు కండ్లు ఆగాలె, అప్పుడు కనపడుతయ్. చిన్నోడు చీకట్ల భయపడితే ఎత్తుకోండ్రి. మీ అత్తమ్మకు బ్యాటరీ బండి ఉంటది, టాయ్ ట్రైన్ కూడ ఉంటది. సోమవారం బంద్.

చిన్నోడికి బండ్ల పిచ్చి ఉంటే జూ దగ్గర్నే బహదూర్‌పురల సుధా కార్స్ మ్యూజియం ఉంది. బూటు లెక్క కారు, క్రికెట్ బ్యాట్ లెక్క కారు, అన్ని ఇంజిన్ తోటి నడిచేటియే. గంటల అయిపోతది. గంట చాలు గద.

లండన్_లచ్చి · లండన్ · శనివారం, సాయంత్రం 6:48

నేనూ డిసెంబర్‌లో పిల్లలతో హైదరాబాద్ వస్తున్నాను, ఈ చర్చ నాకూ పనికొస్తుంది. నిజం చెప్పాలంటే ఇక్కడ నేచురల్ హిస్టరీ మ్యూజియం చూశాక అక్కడివి పిల్లలకి ఆనతాయా అని అనుమానం. ఇక్కడ ప్రవేశం ఉచితం, లోపలికి అడుగుపెట్టగానే నెత్తిమీద నీలితిమింగలం అస్థిపంజరం వేలాడుతుంటుంది. మన దగ్గర డైనోసార్ లాంటివేమైనా ఉన్నాయా? ఫైబర్ బొమ్మలు కాదు, నిజమైన ఎముకలు.

రాళ్లపిచ్చి · మంచిర్యాల · శనివారం, రాత్రి 8:20

లచ్చి గారూ, ఉన్నాయి. అవి మా జిల్లావి.

నౌబత్ పహాడ్ మీద బిర్లా సైన్స్ మ్యూజియం ఉంది కదా, దాంట్లో డైనోసారియం అని ఒక విభాగం, 2000 లో పెట్టారు. అక్కడ నిలబెట్టిన అస్థిపంజరం పేరు కోటాసారస్ యామనపల్లియెన్సిస్. యామన్‌పల్లి అనేది ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లాలో, ఇప్పటి లెక్కన మంచిర్యాల వైపు ప్రాణహిత దగ్గరి ఊరు. జియలాజికల్ సర్వే వాళ్లు అక్కడ తవ్వి తీసిన ఎముకలు. 1988 లో దానికి ఆ పేరు పెట్టారు. మనిషి ఊసే లేని కాలంలో, పదహారు కోట్ల ఏళ్లకు పైమాటే, మా ఊళ్ల మీద ఆకులు మేస్తూ తిరిగిన జంతువు. పొడవు 44 అడుగులు. పిల్లల్ని తోక దగ్గర ఒకర్ని, మూతి దగ్గర ఒకర్ని నిలబెట్టి ఒకరినొకరు పిలుచుకోమనండి, పొడవంటే ఏంటో అప్పుడు తెలుస్తుంది.

ఏడేళ్ల పాపకి ఒక చిక్కుప్రశ్న ఇస్తాను. దీని పుర్రె దొరకలేదు, పళ్లు మాత్రం దొరికాయి. మరి అక్కడ తల ఉంది కదా, అది ఎలా వచ్చింది? దొరికిన ఎముకలు కూడా ఒక్క జంతువువి కావు, కనీసం పన్నెండు జంతువులవి కలిసిపోయి ఉన్నాయి. దొరకని భాగాన్ని శాస్త్రవేత్తలు దీని చుట్టాల్ని చూసి ఊహిస్తారు. "వీళ్ల అన్నయ్య మొహం చూసి వీడి మొహం గీశారు" అంటే పిల్లలకి అర్థమైపోతుంది.

లండన్ తిమింగలం పెద్దదే, కాదనను. కానీ ఇది మనూరిది.

లండన్_లచ్చి · శనివారం, రాత్రి 8:55

మా అమ్మమ్మది చెన్నూరు! యామన్‌పల్లి అక్కణ్ణుంచి ఎంతో దూరం కాదు. ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదేంటి!!

కూకట్‌పల్లి_అమ్మ · శనివారం, రాత్రి 9:10

అక్కడే ప్లానెటోరియం కూడా కదా. నాలుగేళ్లవాడు కూర్చుంటాడా?

ఒకటో_తరగతి_టీచర్ · శనివారం, రాత్రి 9:31

పాపని తీసుకెళ్లండి, బాబుని నానమ్మగారితో బయట ఉంచండి. అంత చీకట్లో అంతసేపు నాలుగేళ్లవాళ్లు కదలకుండా ఉండటం కష్టం, వాడు ఏడిస్తే మీరు షో మధ్యలో లేవాలి. తెలుగు షో ఏ సమయానికో కౌంటర్లో అడిగి దాన్నిబట్టి మిగతాది వేసుకోండి. తెలుగులో వింటే ఇంటికొచ్చాక నానమ్మతో మాట్లాడుకోవడానికి మాటలుంటాయి.

అదే కొండ పక్కనే బిర్లా మందిర్. అత్తయ్యగారికి మెట్లు గుర్తుపెట్టుకోండి.

బెజవాడ_బాబాయ్ · విజయవాడ · ఆదివారం, ఉదయం 7:15

అమ్మాయ్, బెజవాడ వస్తున్నావుగా, కొండపల్లికి తీసుకుపో. ఊరికే ఇరవై చిల్లర కిలోమీటర్లు. కోట సంగతి తర్వాత, ముందు బొమ్మల కాలనీకి. షాపులో కొనుక్కుని వెనక్కి రావొద్దు. ఇళ్ల ముందు కూర్చుని చెక్కుతుంటారు, "పిల్లలు చూస్తారండీ" అని మర్యాదగా అడిగితే కూర్చోబెట్టి చూపిస్తారు.

తెల్లపొణికి అనే కర్ర. చేతికిచ్చి చూడమను, బరువే ఉండదు. ముందు సెగమీద పెట్టి దాంట్లో తేమ పోగొడతారు. తల వేరే, చేతులు వేరే, కాళ్లు వేరే చెక్కి చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నం పూత, ఆ తర్వాత రంగులు. చింతగింజ జిగురని తెలిశాక మా మనవరాలు ఇంట్లో గింజలన్నీ దాచడం మొదలెట్టింది. మా ఆవిడ పులుసు పెట్టినప్పుడల్లా గింజల కోసం కాచుక్కూర్చుంటుంది.

కల్లుగీసే తాత ఎక్కిన తాడిచెట్టు, ఎడ్లబండి, అంబారీ ఏనుగు, ఇవి పిల్లలు బాగా ఇష్టపడతారు. సంక్రాంతి బొమ్మల కొలువుకి ఒకటి కొనివ్వు. రంగు వేయకముందు తెల్లబొమ్మ ఒకటి అమ్ముతారేమో అడుగు, ఇంటికెళ్లి వాళ్లే రంగులేసుకుంటారు. ఒక మాట, ఇవి చూసుకునే బొమ్మలు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే అందకుండా పెట్టాలి.

ఆర్కేబీచ్_ఆంటీ · విశాఖపట్నం · ఆదివారం, ఉదయం 9:40

బొమ్మల మాటొచ్చింది కాబట్టి, వైజాగ్ వచ్చే దారిలో ఏటికొప్పాక ఉంది, అనకాపల్లి జిల్లా. అక్కడ అంకుడు కర్ర. ఇది చెక్కడం కాదు, లేతు మీద గిర్రున తిప్పుతారు. తిరుగుతున్న కర్రకి రంగు లక్క బద్దని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రంతా పరుచుకుంటుంది. చివర్లో మొగలాకుతో రుద్దితే మెరుపు. కొండపల్లి, ఏటికొప్పాక రెండూ ఒకే సెలవుల్లో చూపిస్తే పాప తేడా తనే చెప్పేస్తుంది. మొక్కల రంగులతో చేసినవేనా అని అడిగి కొనండి. బొంగరం చిన్నోడికి, లక్కపిడతలు పెద్దమ్మాయికి.

వైజాగ్‌లో అయితే కురుసుర సబ్‌మెరైన్. ఇది తప్పనిసరి. 1969 లో నౌకాదళంలోకి వచ్చి 2001 దాకా పనిచేసిన అసలు సబ్‌మెరైన్ అది, బొమ్మ కాదు. దాన్ని ఇసుక మీదికి లాక్కొచ్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి దూరి వెళ్లాలి. పెద్దవాళ్లు నడుం వంచి తిట్టుకుంటూ వెళ్తారు, పిల్లలు గబగబా దూరిపోతారు. వాళ్లకి అదే సంబరం. మంచాలు చూపించండి, టార్పెడోల పక్కనే పడుకునేవారు. చెప్పేవాళ్లు నేవీలో చేసి రిటైరైనవాళ్లు, మన పిల్లల పిచ్చి ప్రశ్నలకి విసుక్కోరు. "బాత్రూమ్ ఎక్కడ" అని మా మనవడు అడిగితే తీసుకెళ్లి మరీ చూపించారు.

రోడ్డు దాటితే టీయూ 142 విమానం. దాని పని సబ్‌మెరైన్లని వెతికి పట్టుకోవడం! దాక్కునేదీ, వెతికేదీ ఎదురెదురుగా ఉన్నాయన్నమాట. ఈ ముక్క ముందే చెప్పి తీసుకెళ్లండి, దొంగాపోలీసు ఆట అక్కడికక్కడే మొదలవుతుంది.

సోమవారం సెలవు. మామూలు రోజుల్లో సబ్‌మెరైన్ మధ్యాహ్నం నుంచే, కాబట్టి సమయం చూసుకుని రండి. మీ అత్తగారికి ఆ కంతలు కష్టం. బీచ్ గోడ మీద కూర్చోబెట్టి ముంత మసాలా ఇప్పించండి.

నాన్న_ఎక్సెల్ · ఆదివారం, ఉదయం 10:22

బొర్రా గుహలు? మా లిస్టులో 4.8 రేటింగ్ ఇచ్చాను.

ఆర్కేబీచ్_ఆంటీ · ఆదివారం, ఉదయం 10:35

గుహలు బావుంటాయి బాబూ, కానీ మెట్లు దిగాలి, ఎక్కాలి. ఏడేళ్లమ్మాయికి సరే. నాలుగేళ్లవాణ్ని తిరుగు మెట్ల మీద మీరే మోయాలి. అసలు మజా రైల్లో ఉంది. విశాఖలో పొద్దున్నే బొర్రా మీదుగా వెళ్లే కిరండూల్ బండి ఎక్కితే సొరంగాలు లెక్కపెట్టడమే పని. చీకటి పడగానే పెట్టంతా పిల్లల అరుపులు. అద్దాల పెట్టె టికెట్లు సంక్రాంతికి దొరకడం కష్టం, మామూలు పెట్టెలో కిటికీ చాలు.

కర్నూలు_కుర్రోడు · కర్నూలు · ఆదివారం, మధ్యాహ్నం 12:05

గుహలంటే మా బెలుం గుహల్ని యాడ పెట్టినారు? మూడు కిలోమీటర్ల పైన పొడవు, చూడనిచ్చేది దాంట్లో సగం. లోపల ఉక్కపోత మాత్రం బాగుంటాది, అది ముందే చెప్తాండా. చిన్నపిల్లోల్లకి నీళ్లసీసా లేకుండా దిగద్దండి. సప్తస్వరాల గుహ అని ఉంటాది, రాతిమీద తడితే ఒక్కోచోట ఒక్కో శబ్దం. మా అన్న కూతురు ఆణ్ణుంచి కదల్లేదు.

రాయి అట్లెట్లా కరిగింది అని అడిగితే ఇంటికాడ సుద్దముక్క మీద నిమ్మరసం పిండి చూపించినాము. బుసబుసమని పొంగె. సున్నపురాయిని పులుపున్న నీళ్లు కొంచెం కొంచెం తినేస్తాయి, అదే లచ్చల ఏండ్లు జరిగితే గుహ. సుద్దముక్కల్లో కొన్ని పొంగవు, కోడిగుడ్డు పెంకు అయితే గ్యారంటీ.

ఒకటో_తరగతి_టీచర్ · ఆదివారం, మధ్యాహ్నం 12:40

కర్నూలు తమ్ముడూ, గుడ్డు పెంకు రేపే మా క్లాసులో పెడుతున్నాను.

గోదారి_గట్టు · రాజమండ్రి · ఆదివారం, మధ్యాహ్నం 3:18

బెజవాడ నుంచి వైజాగ్ వెళ్తూ మమ్మల్ని దాటేసి పోతారేటండీ? ఆయ్, ఒక్కరోజు దిగండి.

పొద్దున్న కడియం. నర్సరీలు. టికెట్టూ లేదు, గేటూ లేదు. రోడ్డుకి రెండు పక్కలా మొక్కలే. అంటు కట్టేవాళ్ల దగ్గర కూర్చోబెట్టండి పిల్లల్ని. కొమ్మని చెట్టు మీద ఉండగానే బెరడు తీసి, తడిపిన పీచుతో చుట్టి కట్టేస్తారు, కొన్నాళ్లకి అక్కడే వేళ్లొస్తాయి. వేళ్లు భూమిలోనే వస్తాయనుకునే పిల్లలకి ఇది ఇంద్రజాలమే కదండీ. ఒక గులాబీ మొక్క కొనిచ్చి, దాని బాధ్యత పిల్లలదేనని చెప్పేయండి.

సాయంత్రం ధవళేశ్వరం. కాటన్ మ్యూజియంలో ఆనకట్ట కట్టినప్పటి సామాన్లూ నమూనాలూ ఉంటాయి. పాత ఆనకట్ట 1847 లో మొదలెట్టి 1852 కల్లా కట్టేశారు, ఇప్పుడు మనం చూసే బ్యారేజీ 1982 నాటిది. పిల్లలకి ఈ సంవత్సరాలు అక్కర్లేదు. గేటు ఎత్తితే నీళ్లెటు పోతాయి, మూస్తే ఎటు పోతాయి అన్నది చాలు. తాతయ్య గారెవరైనా ఉంటే కాలవలో నీళ్లొస్తే అన్నం ఎలా వస్తుందో చెప్తారు.

రైళ్ల పిచ్చి ఉన్నవాడైతే పుష్కరఘాట్ దగ్గర కూర్చోండంతే. 1900 నాటి హేవ్‌లాక్ వంతెన, దానిమీద 1997 నుంచి బళ్లు నడవట్లేదు. కింద రైలు పైన బస్సు వెళ్లే వంతెన ఒకటి. విల్లులా వంపు తిరిగిన కొత్త వంతెన ఒకటి. రైలొచ్చినప్పుడల్లా ఏ వంతెన మీదికి వెళ్తుందో పందెం వేసుకోండి. ఓడినవాళ్లు పూతరేకులు కొనిపెట్టాలి.

కూకట్‌పల్లి_అమ్మ · ఆదివారం, సాయంత్రం 4:00

అయ్యబాబోయ్, మావారు ఇప్పటికే మ్యాప్ తెరిచి కూర్చున్నారు. కడియం ఖాయం. రైళ్ల పందెం కూడా.

కాకినాడ మడ అడవులు కూడా దగ్గరే కదా అంటున్నారు. పిల్లలకి ఏమైనా ఉంటుందా అక్కడ, లేక చెట్లు చూసి వచ్చేయడమేనా?

పక్షులవెంట · నెల్లూరు · ఆదివారం, సాయంత్రం 5:26

మీరడిగిన మడ అడవులే కోరింగ. నాకు ఇష్టమైన చోటు, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నాను.

చెట్ల మధ్యలోంచి చెక్కల దారి వేశారు. పిల్లలు పరిగెత్తొచ్చు, బురద అంటదు. ఎప్పుడు వెళ్తారన్నదే అసలు విషయం. సముద్రం పోటు మీద ఉంటే చెక్కల కింద నీళ్లే కనిపిస్తాయి. నీళ్లు తీసిన సమయానికి వెళ్తే బురద బయటపడి దాంట్లోంచి పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ఆ బురదలో గాలి ఆడదు, అందుకని చెట్టు వేళ్లని పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. ముక్కు పట్టుకుని చూపించండి, నాలుగేళ్లవాడికి కూడా వెంటనే ఎక్కుతుంది.

అదే బురదలో మడ్‌స్కిప్పర్లు, నీళ్లు వదిలి బయటికొచ్చి గెంతే చేపలు. ఒక చెయ్యి మాత్రం పెద్దగా ఉండి దాన్ని ఊపుతూ పిలిచే పీతలు. పీతల్లో పెద్ద చెయ్యి మగవాటికే ఉంటుంది. కదలకుండా నిలబడితే రెండు నిమిషాల్లో కన్నాల్లోంచి వస్తాయి, అడుగు చప్పుడైతే మాయం. పిల్లల్ని మౌనంగా ఉంచడానికి నాకు తెలిసిన ఏకైక ఉపాయం ఇదే.

పక్షుల కోసమైతే మీ దారిలోనే రెండున్నాయి. కైకలూరు దగ్గర ఆటపాక, కొల్లేటి ఒడ్డు. గూడబాతుల కోసం నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, వాటిమీద గూళ్లు కట్టుకుంటాయి. పడవ ఉంటుంది. రెండోది గుంటూరు పక్కన ఉప్పలపాడు. ఊరి చెరువు, మధ్యలో చెట్లు, వాటినిండా గూడబాతులూ పెయింటెడ్ స్టార్క్ కొంగలూ. చాలా దగ్గర్నుంచి కనిపిస్తాయి, నడక తక్కువ, మీ అత్తగారు కూడా హాయిగా చూడొచ్చు.

ఒక విన్నపం. పక్షి కనబడగానే "సైబీరియా నుంచి వచ్చింది" అని చెప్పేయకండి. బాతుల్లో కొన్ని నిజంగానే ఉత్తరాది చలిదేశాల నుంచి వస్తాయి. కానీ గూడబాతు, పెయింటెడ్ స్టార్క్ మన దేశపు పక్షులే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి వెళ్లి గూడు కట్టుకుంటాయి.

సిక్కోలు_చిన్నోడు · శ్రీకాకుళం · ఆదివారం, రాత్రి 7:44

మా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో కూడా ఇవే పచ్చులు. ఊరి మధ్యలో చింతచెట్ల మీద గూళ్లెడతాయి. మావోళ్లు ఆటిని పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా సూసుకుంటారు, రాళ్లిసిరితే ఊరుకోరు. వైజాగ్ దాకా వచ్చినోళ్లు ఇంకొంచెం ముందుకి రండి ఒకపాలి. ఏటి, ఎప్పుడూ వైజాగ్‌తోనే ఆగిపోతారు?

నాన్న_ఎక్సెల్ · ఆదివారం, రాత్రి 8:30

ఊరు వెళ్లని ఆదివారాల్లో, ఖర్చు లేకుండా ఇంటి దగ్గరే చేయగలిగేవి చెప్పండి. (వర్క్‌షీట్ తీసేశానులెండి. ఒక్క పేజీ ఉంచాను.)

ఒకటో_తరగతి_టీచర్ · ఆదివారం, రాత్రి 9:05

ఒక్క పేజీకి ఒప్పుకుంటున్నాను, వెనకవైపు ఖాళీగా ఉంటే బొమ్మ గీసుకుంటాడు.

రైతుబజార్. చేతికి యాభై రూపాయలిచ్చి "ఈరోజు పులుసుకి కావలసినవి నువ్వే కొను" అనండి. ధరల బోర్డు చదవాలి, పావుకిలో అంటే ఎంతో తెలియాలి, చిల్లర లెక్కపెట్టాలి. మీరు రెండడుగుల వెనక నిలబడి నోరు కట్టేసుకోవాలి, అది మాత్రం కష్టం. నాలుగేళ్లవాడికి వేరే పని: ఆకుకూరల దగ్గర కళ్లు మూసి కొత్తిమీరా పుదీనా మెంతీ వాసన పట్టి చెప్పమనండి.

పోస్టాఫీసు. పోస్టుకార్డు ఇంకా అర్ధరూపాయే. తాతయ్యకి బొమ్మ గీసి, చిరునామా పాప చేతే రాయించి, డబ్బాలో పిల్లలే వేయాలి. ఎన్ని రోజులకి చేరుతుందో క్యాలెండర్లో గుర్తుపెట్టుకోమనండి. చేరిన రోజు తాతయ్య ఫోన్ చేయాలి, ఇది ముందే మాట్లాడి పెట్టుకోండి.

బెజవాడ_బాబాయ్ · ఆదివారం, రాత్రి 9:20

పోస్టుకార్డు బావుంది. మా మనవరాలికి ఈ వేదికలో చదివానని చెప్పకుండా నేనే ఒకటి రాసి పడేస్తా.

రాళ్లపిచ్చి · ఆదివారం, రాత్రి 9:48

హైదరాబాద్ వాళ్లకి ఖర్చులేని ఇంకో చోటు: రాళ్లు. ఖాజాగూడ వైపు బండల మీదికి పొద్దున్నే వెళ్లండి. దాదాపు 250 కోట్ల ఏళ్ల గ్రానైటు, కోటాసారస్ పుట్టేనాటికే ముసలిది. రాళ్ల పరిరక్షణ సొసైటీ వాళ్లు రాక్ వాక్‌లు నడుపుతుంటారు, పిల్లల్ని కూడా తీసుకెళ్లొచ్చు. చెప్పులు కాదు, బూట్లు. గుంటల్లో నీళ్లుంటాయి, చెయ్యి వదలొద్దు.

గోల్కొండ కూడా ఒక ఆటలా చూపించొచ్చు. ఫతే దర్వాజా దగ్గర నాన్న చప్పట్లు కొట్టాలి, పైన బాలాహిస్సార్ దగ్గర అమ్మా పాపా వినాలి. మెట్లు బోలెడు, నానమ్మగారూ చిన్నోడూ కింద తోటలోనే. పొద్దున తొమ్మిదిలోపే వెళ్లిపోండి, తర్వాత అందరూ చప్పట్లు కొట్టేవాళ్లే, ఎవరి చప్పట్లు ఎవరివో తెలియదు.

కూకట్‌పల్లి_అమ్మ · సోమవారం, ఉదయం 6:50

రాత్రి మావారితో కూర్చుని తేల్చాం. ఈ శనివారం గడియారం తాత ఒక్కటే, పన్నెండింటికి. పై వారం కోటాసారస్. సంక్రాంతికి కొండపల్లి, కడియం, కురుసుర. బొర్రా ఈసారికి లేదు. కోరింగకి పోటు సమయం ఎలా తెలుసుకోవాలి? ఇంకోటి, పక్షుల కోసం బైనాక్యులర్ కొనమంటోంది పాప. కొనాలా?

పక్షులవెంట · సోమవారం, ఉదయం 7:33

కాకినాడ పోర్టుకి ఆటుపోట్ల పట్టిక ఆన్‌లైన్లో దొరుకుతుంది. నీళ్లు బాగా తీసే సమయానికి ఒక గంట ముందు అక్కడ ఉండండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో అయితే నీళ్లు ఇంకా ఎక్కువ తీస్తాయి, బురద ఎక్కువ కనిపిస్తుంది. పట్టిక దొరక్కపోతే అటవీశాఖ కౌంటర్లోనో, పడవవాళ్లనో అడగండి, వాళ్లకి నోటికొచ్చు. సాయంత్రం దోమలుంటాయి, పొడుగుచేతుల చొక్కాలు వేయండి.

బైనాక్యులర్ ఇప్పుడే వద్దు. పెద్దవాళ్లవి పిల్లల కళ్ల ఎడానికి సరిపడేంత దగ్గరికి మడవవు, బరువు కూడా. ఒక కంటికి నల్లగా కనిపించి విసుక్కుని వదిలేస్తారు. ఉప్పలపాడులో అసలు అవసరమే రాదు. ఆటపాకలో కావాలంటే మీరు ఒకటి పట్టుకుని, పక్షి దొరికాక పాపకి ఒక వైపు గొట్టంలోంచి చూపించండి. బాబుకి అట్టగొట్టం ఇవ్వండి, వాడికి దాంట్లోంచే ఎక్కువ కనిపిస్తుంది.

కర్నూలు_కుర్రోడు · సోమవారం, ఉదయం 8:02

మరి బెలుం?

కూకట్‌పల్లి_అమ్మ · సోమవారం, ఉదయం 8:05

ఎండాకాలం కాకుండా ఎప్పుడు రావాలో చెప్పు తమ్ముడూ, వస్తాం.